రెండో పాట మిగిలే ఉంది

"ఎవరయ్యా అది, నా పెనం పీక నొక్కింది?"

మేరెత్ నోట ఎస్కిల్ విన్న మొట్టమొదటి మాట అది. ప్రేమ కథ ఇలా మొదలవుతుందా అని మీరు ముక్కు మీద వేలేసుకుంటే నేనేం చెయ్యను? జరిగింది జరిగినట్టు చెప్పడం నా అలవాటు. దుప్పుల గురించీ చేపల గురించీ చెప్పేటప్పుడు మాత్రం కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆపాటి మీరే సర్దుకోవాలి.

మా మూర్నెస్ సరస్సు ఒడ్డున అప్పట్లో వేసవి పొడుగునా ప్రతి శనివారం డాన్సు జరిగేది. నాలుగు వైపులా తెరిచి ఉన్న చెక్క మండపం, దానికి ఓ చివర స్టేజి, స్టేజి వెనకాలే కాఫీ గుడిసె, గేటు పక్కన నా టికెట్ల గది. మేరెత్ మిగతా రోజుల్లో పోస్టాఫీసులో ముద్రలు గుద్దేది, శనివారం మాత్రం కాఫీ గుడిసెలో వాఫిల్స్ అనే గళ్ళ అట్లు పోసేది. ఆ పిల్ల ముద్ర గుద్దితే కవరు కింద బల్ల మీద కూడా ఊరి పేరు పడేది. డాన్సు చేస్తే మాత్రం చెక్క నేలకి కూడా తెలిసేది కాదు.

ఆ శనివారం మధ్యాహ్నం వేడెక్కిన కరెంటు పెనంలో పిండి పోసి మూత వేసిందా, వాఫిల్ సగం ఉడికీ ఉడక్కుండానే చల్లబడిపోయింది. గుడిసె వెనక్కి వెళ్ళి చూస్తే, భుజాల దాకా జుట్టున్న ఒక పొడుగాటి కుర్రాడు, ఒక చేతిలో ఆమె పెనం వైరు, ఇంకో చేతిలో తన ఆర్గన్ వైరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"స్టేజి మీద ఒక ప్లగ్గు పనిచెయ్యట్లేదు," అన్నాడు ఎస్కిల్.

"అందుకని నాది పీకేస్తావా? లోపల పిండి ఉంది!"

"నాకు తెలీదు."

"ఆవిరి వస్తోందిగా, ముక్కు లేదా నీకు?"

"ఉంది. వాసన బాగుంది. అందుకే ఇక్కడ కాసేపు నిలబడిపోయాను."

తిట్టడానికి నోరు తెరిచినప్పుడు అవతలివాడు మెచ్చుకుంటే, ఆ తెరిచిన నోరు ఏం చెయ్యాలో ఎవరికైనా తోచదు.

తగువు తీర్చడానికి నేనే వెళ్ళాను. పార్కు కరెంటు పనులూ నావే కదా. "పక్కన ఇంకో ప్లగ్గు బిగించి ఇస్తాను గానీ, రెండూ కలిపి పెట్టారంటే ఫ్యూజు ఎగిరిపోతుంది. స్టేజీ, గుడిసే, దీపాలూ అన్నిటికీ అదొక్కటే ఫ్యూజు. ఆర్గన్ మోగితే పెనం ఆగాలి, పెనం కాలితే ఆర్గన్ ఆగాలి," అన్నాను.

"అయితే పాటకీ పాటకీ మధ్య నేను ఆపుతాను. అప్పుడు నువ్వు వాఫిల్స్ పోసుకో," అన్నాడు ఎస్కిల్, ఎంతో మర్యాదగా.

మేరెత్ లెక్క వేసుకుంది. డాన్సు పాటంటే ఎంతసేపు, ఒక కాఫీ చల్లారేంత. "సరే. మాట తప్పకూడదు మరి."

"తప్పను."

తప్పలేదు కూడా. తన పాట ఎంత పొడుగో చెప్పలేదంతే.

* * *

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఎస్కిల్‌తో కలిపి నలుగురు కుర్రాళ్ళున్న ఆ బ్యాండు పేరు 'నిద్రపోయే తిరగలి'. స్టాక్‌హోమ్ శివారులో ఒక నేలమాళిగలో పుట్టిన బ్యాండు. వాళ్ళ దగ్గర ఉన్నవి రెండే రెండు పాటలు. ఒక్కొక్కటీ రికార్డుకి ఒక్కో వైపు నిండా సరిపోతుంది. మాటలుండవు. మబ్బు మబ్బు మీదకి ఎక్కుతున్నట్టు, సరస్సు అడుగున ఎవరో తలుపు తీస్తున్నట్టు, అలా సాగుతూనే ఉంటాయి. కూర్చుని కళ్ళు మూసుకుని వినాల్సిన పాటలు.

మరి అలాంటివాళ్ళని శనివారం డాన్సుకి ఎవరు పిలిచారంటే, మా పార్కు కమిటీ పెద్ద ఎల్విరా. ఊళ్ళో కిరాణా కొట్టు ఆమెదే. బ్యాండు వాళ్ళు పంపిన ఫోటో చూసి ఆమె మురిసిపోయింది. నలుగురూ ఒకే రకం నీలం కోట్లు, ఒకే రకం తెల్ల చొక్కాలు. మా దేశంలో ఒకే రకం కోట్లు వేసుకున్నారంటే అది డాన్సు బ్యాండే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఎల్విరా ఆ కోట్లే చూసింది, ఇంకేమీ అడగలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఫోటో గిటారు వాయించే ఊవె వాళ్ళక్క పెళ్ళిలో తీసింది. కోట్లు అద్దెవి.

వ్యాన్ దిగినవాళ్ళని చూసి ఎల్విరా గుండె మీద చెయ్యేసుకుంది. ఒకడికి గొర్రెతోలు చొక్కా, ఒకడికి కాళ్ళకి జోళ్ళే లేవు.

"కోట్లేవి నాయనా?" అంది.

"ఏ కోట్లు?" అన్నాడు ఊవె.

"హెల్గె, నా పరువు పోయింది," అంది నా వైపు తిరిగి.

"పోలేదు, ఇంకా సాయంత్రం కాలేదుగా," అన్నాను నేను.

ఊవె స్టేజి ముందు ఒక టేపు రికార్డరు పెట్టుకున్నాడు. ప్రతి కచేరీ రికార్డు చేసుకుంటాడట. పల్లెటూరి కరెంటుని నమ్మనని చెప్పి బ్యాటరీలు వేసుకున్నాడు. నాకు కోపమొచ్చింది గానీ, ఆ బ్యాటరీల పుణ్యమే ఈ కథ.

* * *

సాయంత్రమైంది. మాకు వేసవిలో సాయంత్రమంటే ఎండ తేనె రంగుకి తిరగడమే, సూర్యుడు దిగడు. జనం మెరిసే జోళ్ళతో వచ్చారు. ఆడవాళ్ళు ఒక వైపు బెంచీల మీద, మగవాళ్ళు ఇంకో వైపు స్తంభాల దగ్గర. నేను టికెట్ల గదిలో మీట నొక్కాను. స్టేజి పైన ఎర్ర దీపం వెలిగింది. ఎరుపు వెలిగితే మగవాళ్ళ వంతు. నీలం వెలిగితే ఆడవాళ్ళ వంతు, అప్పుడు వాళ్ళొచ్చి పిలుస్తారు. నీలం దీపం కింద ఆడపిల్ల పిలిస్తే మగవాడు కాదనడానికి వీల్లేదు, జ్వరం వచ్చినా సరే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒకళ్ళతో మొదలుపెడితే రెండు పాటలు చెయ్యాలి. ఒక్క పాటకే వదిలేస్తే, ఆ పిల్లలో ఏం లోపమో అని ఊరు గుసగుసలాడుతుంది. రెండూ అయ్యాక ఆమెని తీసుకెళ్ళి బెంచీ దగ్గర దిగబెట్టి, వంగి దండం పెట్టి రావాలి. ఇది తప్పినవాణ్ణి మా వైపు మనిషిగా చూడరు.

బ్యాండు మొదలుపెట్టింది. మగవాళ్ళు వెళ్ళి పిలిచారు. జంటలు నేల మీదకి వచ్చాయి.

పాట సాగింది. ఇంకా సాగింది.

మర్యాదకి పిన్నిని పిలిచినవాడు పిన్నితో ఇరుక్కుపోయాడు. వలలు వేసే చోటు గురించి ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు ఇరుగుపొరుగులు, వాడి పెళ్ళాన్ని వీడూ వీడి పెళ్ళాన్ని వాడూ పిలిచి, పాట పూర్తయ్యేలోగా నలుగురూ కలిసిపోయారు. ఆ ఒక్క పాటలోనే రెండు నిశ్చితార్థాలు కుదిరి ఒకటి చెడిందని చెప్తారు. నేను చెప్పేది మాత్రం కళ్ళారా చూసింది. ఒక ఆడ దుప్పి అడవిలోంచి వచ్చి కంచె మీద గడ్డం ఆనించి, పాట అయ్యేదాకా విని వెళ్ళింది. టికెట్ కొనలేదు. నేనూ అడగలేదు.

చిక్కేమిటంటే ఎవరికీ అడుగు పడటం లేదు. తాళం దొరికినట్టే దొరికి జారిపోతోంది. జనం గడ్డి మీద నత్తల్లా ఊగుతున్నారు. కాఫీ గుడిసె ముందు మాత్రం వాఫిల్స్ కోసం వరస పెరిగిపోతోంది.

"మేరెత్, పెనం పెట్టవే తల్లీ!"

"ఎలా పెట్టను? పాట అవ్వాలిగా!"

"ఎప్పుడవుతుంది?"

"ఆ పొడుగాటాయన్నడుగు!"

ఆమె విసుగ్గా గుడిసెలోంచి బయటికొచ్చింది. చేతులు పిండి, నడుముకి గళ్ళ గుడ్డ. స్టేజి పక్కన నిలబడి ఎస్కిల్ వైపు కళ్ళెర్ర చేసి చూసింది. అతను కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. ఆమె చూపు తగలాల్సిన చోటే లేదు. దాంతో ఆమె కూడా, ఏం చెయ్యాలో తోచక, విన్నది.

విన్నకొద్దీ ఆమె కాలు కదిలింది. మడమ ఒకసారి, మునివేళ్ళు రెండుసార్లు. మళ్ళీ మడమ. ఆ పొగమంచు అడుగున ఎక్కడో మూడు దెబ్బల నడక ఒకటి ఉంది. అది చెక్క మీద టక్కుమని వినబడింది.

ఎస్కిల్ కళ్ళు తెరిచాడు. ముందు ఆమె కాలు చూశాడు. తర్వాత ఆమె ముఖం. ఇంక ఆ సాయంత్రమంతా మీటల వైపు చూడలేదు. ఆమె కాలు ఎలా పడితే అతని ఎడం చెయ్యి అలా పడింది. జనానికి తాళం దొరికింది. మండపం మొత్తం ఒక్కసారి తిరగడం మొదలుపెట్టింది. నిద్రపోయే తిరగలి లేచిందన్నమాట.

నేను టికెట్ల గది కిటికీలోంచి చూస్తున్నాను. సరస్సు మీంచి పొగమంచు తెరలు తెరలుగా లేచి, మండపం లోపలికి వచ్చి, జనం మోకాళ్ళ దాకా నిలిచింది. ఎవరికీ కాళ్ళు లేవు. అందరూ తేలుతున్నారు. ఇది దుప్పి కథ లాంటిది కాదు, ఎల్విరాని అడగండి.

* * *

పాటకీ పాటకీ మధ్య ఎస్కిల్ మాట ప్రకారం ఆర్గన్ ఆపి గుడిసె దగ్గరికి వచ్చాడు. మేరెత్ గబగబా వాఫిల్స్ పోస్తోంది.

"ఇంత పొడుగని ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఒప్పుకునేదానివి కాదు."

"ఒప్పుకునేదాన్ని కాదు," అని, అడవి పళ్ళ జామూ మీగడా వేసిన వాఫిల్ ఒకటి అతని ముందుకు తోసింది. "తిను. ఇందాక నువ్వు చంపిన దానికి ఇది చెల్లెలు."

అతను తిన్నాడు. మూతికి మీగడ అంటుకుంది. ఆమె చెప్పలేదు. చెబితే తుడిచేసుకుంటాడు.

"డాన్సు ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

"నేర్చుకోవడమేంటి, ఈ ఊళ్ళో పుట్టాను. నువ్వు?"

"నేనెప్పుడూ చెయ్యలేదు. ఎక్కడ డాన్సు జరిగినా నేను వాయిస్తూనే ఉంటాను."

"ఒక్కసారి కూడా?"

"వాయించేవాణ్ణి ఎవరు పిలుస్తారు?"

ఆమె పెనం మూత తెరవడం మర్చిపోయింది. ఆ వాఫిల్ మాడింది. దాన్ని నేనే తిన్నాను.

"రేపు ఎక్కడ?" అంది.

"నార్వే సరిహద్దు. ఎల్లుండి ఇంకో ఊరు. ఆ తర్వాత స్టాక్‌హోమ్. మాకో రికార్డు వేస్తామన్నారు."

"మంచిదేగా."

"మంచిదే."

మా వైపు జనానికి మాట రావడానికి ఒక చలికాలం పడుతుంది. ఆ కుర్రాడు స్టాక్‌హోమ్ వాడైనా, ఆ క్షణంలో మా ఊరివాడి కంటే ఘోరంగా ఉన్నాడు. ఇద్దరూ పెనం వంక చూస్తూ నిలబడ్డారు. అవతల ఊవె కేకేశాడు. రెండో పాట. ఆఖరి పాట. ఆమె పెనం వైరు పీకింది, అతను ఆర్గన్ వైరు పెట్టుకున్నాడు. చేతులు తగిలాయి. కరెంటు గురించి నేనేమీ అనను, ఫ్యూజు మాత్రం అప్పటికి బాగానే ఉంది.

పాట సగానికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. అతను స్టేజి మీంచి ఆమెనే చూస్తున్నాడు, ఆమె గుడిసె గుమ్మంలోంచి అతన్నే చూస్తోంది. మధ్యలో ఊరంతా డాన్సు చేస్తోంది. పాట అవుతుంది, వ్యాను బయల్దేరుతుంది, అయిపోయింది.

మీట నా చేతి కిందే ఉంది. పాట మధ్యలో దీపం మార్చిన దాఖలా మా పార్కు పుట్టాక లేదు.

నీలం నొక్కాను.

జనం తలెత్తి చూశారు. "హెల్గెకి మతి పోయింది," అని ఎవరో అన్నారు. మేరెత్ దీపం వైపు చూసింది, నా కిటికీ వైపు చూసింది. నేను పైకప్పులో సాలెగూళ్ళు చూస్తున్నాను. ఆమె నడుముకున్న గుడ్డ విప్పింది, చేతులు తుడుచుకుంది, మండపం మధ్యలోంచి నడిచి స్టేజి ఎక్కింది. ఆర్గన్ ముందు నిలబడి మోకాళ్ళు కొంచెం వంచి, పద్ధతిగా, చెయ్యి చాపింది.

ఎస్కిల్ ఊవె వైపు చూశాడు. ఊవె వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

నీలం దీపం కింద కాదనడానికి లేదు కదా. ఎస్కిల్ మీటల మీంచి రెండు చేతులూ ఎత్తేశాడు.

పాటలో ఒక పెద్ద ఖాళీ పడింది, గోడలోంచి కిటికీ ఊడదీసినట్టు. గిటారూ డోలూ సాగుతున్నాయి, ఆర్గన్ ఉండాల్సిన చోట మాత్రం చెక్క నేల మీద రెండు జతల జోళ్ళ చప్పుడు. అతనికి నిజంగానే డాన్సు రాదు. ఆమె కాలు తొక్కాడు.

"మన్నించు."

"లెక్కపెట్టకు. నువ్వే వాయిస్తున్నావనుకో."

ఆ తర్వాత తొక్కలేదు.

ఆ సమయంలో గుడిసె ముందు వరసలో ఉన్నవాళ్ళు ఎల్విరాని పట్టుకున్నారు. మేరెత్ ఎలాగూ లేదు, నేనే నాలుగు పోస్తానని ఎల్విరా లోపలికి వెళ్ళింది. ఆర్గన్ మోగటం లేదు కాబట్టి ఇది పెనం వంతు అనుకుంది పాపం. మోగకపోయినా ఆర్గన్ కరెంటు లాగుతూనే ఉందని ఆమెకేం తెలుసు? పక్క ప్లగ్గులో పెనం వైరు పెట్టింది.

టప్.

గిటారు ఆగింది, దీపాలు ఆగాయి, నా నీలం దీపం కూడా ఆగింది. డోలు కొట్టేవాడు రెండు దెబ్బలు కొట్టి బిత్తరపోయి ఆపేశాడు. మండపం నిండా తేనె రంగు వెలుగూ, నిశ్శబ్దమూ. ఆ నిశ్శబ్దంలో రెండు జతల జోళ్ళు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. కాసేపటికి అవీ ఆగాయి.

"ఇది ఒకటే," అంది మేరెత్. "ఇంకోటి మిగిలే ఉంది."

ఎస్కిల్ ఊవె వైపు చూశాడు.

"నా వంక చూస్తావేం?" అన్నాడు ఊవె. "మన దగ్గర ఉన్నవే రెండు పాటలు!"

జనం విరగబడి నవ్వారు. వ్యాను సరుకు సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఎస్కిల్ అన్నది ఒకే మాట. "రెండోది నీకే ఉంచుతాను."

మేరెత్ అన్నదీ ఒకే మాట. "మూతికి మీగడ ఉంది."

* * *

ఆకులు పసుపెక్కి రాలేదాకా కబురు లేదు. అప్పుడొకనాడు ఊవె ఎల్విరా కొట్టుకి ఫోన్ చేశాడు. మూర్నెస్‌లో తీసిన టేపే రికార్డుగా వేస్తున్నారట, స్టూడియోలో ఎంత వాయించినా అంత బాగా రాలేదట. పార్కు పేరు అట్ట మీద వేసుకోవచ్చా అని అడిగాడు. ఎల్విరా పొంగిపోయి వేసుకోమంది. ఊవె ఇంకో మాట కూడా అన్నాడు. రెండో పాటలో ఆర్గన్ ఆగిన చోట ఎస్కిల్ చేత మళ్ళీ వాయించి పూడ్పిస్తున్నారట. చివర్లో ఆ టప్పూ, ఆ మాటలూ కోసేస్తారట.

ఎల్విరా ఆ మాట పోస్టాఫీసులో చెప్పింది. మేరెత్ ఆ రోజు ముద్రలు ఎంత గట్టిగా గుద్దిందంటే, సరస్సు అవతలి ఊళ్ళో పిడుగు పడిందనుకున్నారు.

"పూడ్చుకోనీ," అంది నాతో. "వాళ్ళ పాట, వాళ్ళిష్టం."

"కోపమా?"

"నాకెందుకు కోపం బాబాయ్? నేనెవర్ని? మధ్యలో వచ్చిన చప్పుణ్ణి."

ఆ మాట అని, నాలుక్కరుచుకుని, కిటికీ మూసేసింది. లోపలినుంచి మళ్ళీ ముద్రలు మొదలయ్యాయి.

మొదటి మంచు పడిన శనివారం. పార్కు మూసేసి చాలా రోజులైంది. బెంచీల మీద టార్పాలిన్లు కప్పి, మండపం అంచున పడ్డ మంచు తోస్తున్నాను. మేరెత్ నాకు ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. గేటు చప్పుడైంది. చూస్తే పొడుగాటి కుర్రాడు, చంకలో ఒక రికార్డు, టోపీ మీద మంచు.

"వైరు మర్చిపోయావా?" అంది మేరెత్. గొంతులో మంచు కంటే చలి ఉంది.

"లేదు."

"మరి?"

"రికార్డు వచ్చింది."

"విన్నాను. ఖాళీ పూడ్చారటగా. శుభం. మా ఎల్విరా అత్త నాలుగు కొంటుందిలే. బాబాయ్, కాఫీ చల్లారిపోతోంది."

"వినలేదు నువ్వు," అన్నాడు ఎస్కిల్.

"విన్నానంటుంటే!"

"రికార్డు వినలేదంటున్నాను."

నా టికెట్ల గదిలో రికార్డు ప్లేయర్ ఉంది, డాన్సుల మధ్య విరామంలో వేసేది. దుప్పటి తీసి, దుమ్ము ఊది, కొత్త ఫ్యూజు బిగించాను. ఎల్విరా కొట్లో ఉంది కాబట్టి ఫ్యూజుకి ప్రాణభయం లేదు. రెండో వైపు పెట్టాను.

మండపం స్తంభానికున్న స్పీకరు బాకాలోంచి ఆ వేసవి సాయంత్రం బయటికొచ్చింది. చుట్టూ మంచు పడుతోంది. మేరెత్ చేతులు కట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఎస్కిల్ ఇంకో స్తంభం దగ్గర. పాట ఎంత పొడుగో మీకు తెలుసుగా. నా కాఫీ అయిపోయింది, పైపులో పొగాకు అయిపోయింది, కాళ్ళు కొయ్యబారాయి.

అప్పుడు ఆ చోటు వచ్చింది. ఆర్గన్ ఆగింది.

ఎవరూ పూడ్చలేదు. ఖాళీ ఖాళీగానే ఉంది. దాని నిండా రెండు జతల జోళ్ళు. ఒకచోట తడబడ్డాయి. బాకాలోంచి చిన్నగా, "మన్నించు."

మేరెత్ కట్టుకున్న చేతులు ఊడిపోయాయి.

"వాయించమన్నారు," అన్నాడు ఎస్కిల్. "స్టూడియోలో అన్నీ సిద్ధం చేశారు. వాయించనన్నాను. వాయిస్తావా, బ్యాండు వదులుతావా అన్నాడు ఊవె."

"నువ్వేమన్నావు?"

"ఇది నా దగ్గర ఒకరి కోసం దాచిన పాట అన్నాను. ఆరోజు నేను చేతులెత్తేశాక వాయించకుండా మిగిలిపోయిందే, అది. నా దగ్గరున్న రెండో పాట అదొక్కటే మేరెత్."

"బ్యాండు?"

"లేదిప్పుడు. నేను లేకుండా పూడ్చడం వాళ్ళకి చేతకాలేదు, కోస్తే పాట సగంలో తెగిపోతుంది. అలాగే వేశారు. ఊవె ఇంకా తిడుతూనే ఉన్నాడు."

"పిచ్చివాడా," అంది మేరెత్. ఆ మాట ఎంత నెమ్మదిగా అందంటే, మంచు కూడా వినడానికి కాసేపు ఆగింది. నిజంగా ఆగింది.

అతను చెయ్యి చాపాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు. మా పిల్ల కదా.

"ఇది మగవాళ్ళ వంతా, ఆడవాళ్ళ వంతా? ముందది తేల్చు."

ఇద్దరూ నా కిటికీ వైపు తిరిగారు. నేను రెండు మీటలూ ఒకేసారి నొక్కాను. స్టేజి పైన ఎరుపూ నీలమూ కలిసి వెలిగాయి. మంచు మీద ఆ వెలుగు పడి, మా ఊళ్ళో అంతకుముందెవరూ చూడని రంగు ఒకటి పుట్టింది.

వాళ్ళు మండపం మధ్యకి వచ్చారు. రికార్డులో గిటారూ డోలూ నడుస్తున్నాయి, పాత జోళ్ళు తిరుగుతున్నాయి, వాటి మీద కొత్తగా మంచు బూట్లు తిరుగుతున్నాయి. ఆర్గన్ లేని చోట ఎస్కిల్ గొంతెత్తాడు. మాటల్లేవు. ఆమె చెవి దగ్గర, మెల్లగా, ఆరోజు వాయించాల్సినదంతా పాడాడు. గొంతు అంత గొప్పదేం కాదు. కానీ ఇన్నేళ్ళలో నేను ఆ పాట అంత నిండుగా విన్నది ఆ ఒక్కసారే.

టప్.

నేను ఉలిక్కిపడి ఫ్యూజు వైపు చూశాను. రికార్డులోది. తర్వాత నిశ్శబ్దం, తర్వాత వేసవి నాటి మేరెత్ గొంతు బాకాలోంచి పార్కంతా మోగింది. "ఇది ఒకటే. ఇంకోటి మిగిలే ఉంది."

మంచులో ఉన్న మేరెత్ అతని భుజం మీద తల పెట్టుకుని నవ్వింది. పాట అయిపోయింది. సూది ఆఖరి గీతలో పడి చిక్ చిక్ మంటూ తిరుగుతోంది. వాళ్ళు దానికీ డాన్సు చేశారు. సూది ఎత్తడానికి నాకు మనసు రాలేదు.

* * *

'నిద్రపోయే తిరగలి' వేసిన రికార్డు అదొక్కటే. ఇప్పుడది ఎక్కడా దొరకదట. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో కెమెరాలు తగిలించుకుని మూర్నెస్ వస్తుంటారు. ఆ ఖాళీలో ఎంత లోతైన అర్థముందో నాకే చెప్పి వెళ్తారు. నేను తల ఊపుతాను. ఒకాయనకి దుప్పి కంచె మీద గడ్డం పెట్టిన చోటు చూపిస్తే, ఆ కర్రకి ఫోటో తీసుకున్నాడు. కంచె మొన్న వేసింది.

ఎస్కిల్ మా చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. అతను వాయించే ఆదివారం ప్రార్థన అయ్యేసరికి ఇళ్ళల్లో పొయ్యి మీద పెట్టొచ్చిన బంగాళాదుంపలు గుజ్జయిపోతాయి. మేరెత్ వెనక బెంచీలోంచి మడమతో టక్కున కొడితే, అప్పుడు కాస్త వేగం పెంచుతాడు.

వచ్చినవాళ్ళందరూ చివరికి అడిగేది ఒకటే. రెండో రికార్డు ఎందుకు రాలేదని.

నేను వాళ్ళని కాఫీ గుడిసె దగ్గరికి తీసుకెళ్తాను. అక్కడ జుట్టు నెరిసిన ఒక పొడుగాటాయన పెనం మూత పట్టుకుని ఉంటాడు, జుట్టు నెరిసిన ఒకావిడ పిండి పోస్తూ అతన్ని కసురుతూ ఉంటుంది. మా పద్ధతి ప్రకారం రెండో పాట అవ్వగానే ఆడపిల్లని తీసుకెళ్ళి బెంచీ దగ్గర దిగబెట్టి రావాలి.

ఆయన ఇంకా దిగబెట్టలేదు.